నాలుగు కిలోల తేనె

పన్నెండో సిట్టింగు అయిన రోజు సాయంత్రం మా పెద్దమ్మ జావ గ్లాసు చేత్తో పట్టుకుని అరగంట అలాగే కూర్చుంది. సగ్గుబియ్యం జావ. ఉప్పు కూడా వేయకుండా, బాగా చల్లార్చి ఇచ్చాం. ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగే ముందు కళ్ళు గట్టిగా మూసుకుని, మంచం కోడు పట్టుకుంది. రెండో గుక్క తాగలేదు. గ్లాసు నా చేతిలో పెట్టేసి "ఒగ్గీరా బాబూ, ఆకలి లేదు" అంది. ఆకలి లేక కాదని ఇద్దరికీ తెలుసు.

క్యాన్సర్‌కి కిరణాలతో చేసే చికిత్సని మా వైపు ఎవరూ రేడియోథెరపీ అనరు. కరెంటు పెట్టడం అంటారు, ఒక్కో విడతని సిట్టింగు అంటారు. నేనూ ఇక్కడ ఆ మాటే వాడతాను. ఆ ఏడు వారాలూ మా నోట నలిగింది అదే.

పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర ఊరు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే ఈ అలవాటు ఎక్కువ. దీని గురించి డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే నోటి వ్యాధుల శాస్త్రవేత్త, బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ నుంచి మెహతా, వాళ్ళ బృందం మన పల్లెలకి వచ్చి 10,169 మంది నోళ్ళు తెరిచి చూశారు. 1971లో ఆ పరిశోధన అచ్చయింది. ప్రపంచంలో అంగిటి క్యాన్సర్ గురించి చదువుకునే ప్రతి డాక్టరుకీ మా జిల్లా పేరు తెలుసు. మా పెద్దమ్మకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా చుట్ట తిప్పి పెట్టుకునేది కాదనుకోండి, అది వేరే విషయం.

అంగిటి వెనక, కొండనాలుక పక్కన పుండు. కోత కంటే కరెంటు, దాంతోపాటు వారానికోసారి సెలైన్‌లో కీమో మందు మేలన్నారు. మొత్తం 70 గ్రే (కరెంటు మోతాదుని కొలిచే ప్రమాణం). రోజుకి 2 గ్రే చొప్పున, వారానికి ఐదు రోజులు, 35 సిట్టింగులు. వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ వలని మొహం మీద పరిచి మాస్కు తయారుచేశారు. రోజూ దాన్ని బిగించి బల్ల మీద పడుకోబెట్టేవారు. బయటికి వచ్చాక బుగ్గల మీద వల గళ్ళు కనిపించేవి. విశాఖలో ఆస్పత్రి దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. కరెంటు ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. గది అద్దె, తిండి, ఆటోలు మావి.

జావ దిగని ఆ సాయంత్రమే మా తమ్ముడు, అంటే మా చిన్నాన్న కొడుకు, జిసిసి కొట్టు నుంచి తేనె సీసా పట్టుకొచ్చాడు. గిరిజన సహకార సంస్థ తేనె అంటే మా వైపు నమ్మకం. "ఎవరో చెప్పారన్నయ్యా, కరెంటు పుళ్ళకి తేనెని మించింది లేదంట." చెంచాడు తేనె పెద్దమ్మ నాలుక మీద వేశాడు. ఆవిడ ఒక్కసారి మంచం మీద నుంచి లేచిపోయింది. "నోట్లో నిప్పెట్టేసినావేటిరా!" అంది. కళ్ళ నుంచి నీళ్ళు. నిప్పున్న చుట్టని నలభై ఏళ్ళు నోట్లో పెట్టుకున్న మనిషి అన్న మాట అది.

అసలు తప్పు ఇక్కడి నుంచి మొదలైంది. తేనె మండుతుంది కాబట్టి పనిచేస్తోందని అనుకున్నాం. మందు మండితేనే గుణం అని కదా మన పెద్దవాళ్ళ మాట. బతిమాలి, కోప్పడి, పిల్లలకి పట్టించినట్టు ముక్కు మూసి నాలుగు రోజులు పట్టించాం. గుణం కనిపిస్తుందని ఎదురుచూస్తూ నొప్పి గురించి డాక్టరుని గట్టిగా అడగలేదు. ఐదో రోజు ఆవిడ నీళ్ళు కూడా మానేసి, లేచి నిలబడలేక, మూడు సిట్టింగులు పోయాయి.

కరెంటు మధ్యలో ఆపడం చిన్న విషయం కాదు. ఆ ఖాళీలో క్యాన్సర్ కణాలు మళ్ళీ పుంజుకుంటాయి. అందుకే నోటి పుండు అనేది పక్కన పెట్టదగ్గ ఇబ్బంది కాదు. తినలేకపోతే మనిషి నీరసిస్తాడు, నీరసిస్తే సిట్టింగులు పోతాయి, సిట్టింగులు పోతే జబ్బు నిలబడుతుంది. పుండుని ఆపడం అంటే చికిత్సని కాపాడడం.

నేను డాక్టర్ని కాదు. లెక్కల మాస్టారిని. ఆ మూడు రోజుల్లో లాడ్జి వరండాలో కూర్చుని, ఫోన్లో కనిపించిన పరిశోధనలన్నీ చదివాను. చదివినకొద్దీ ఒకటే అర్థమైంది. మేం పన్నెండో రోజు చేసిన పని మొదటి రోజు చేయాల్సింది.

కారణం కష్టమైనదేం కాదు. నోటి లోపలి పొర దాదాపు రెండు వారాలకోసారి కొత్తదవుతూ ఉంటుంది. పైన అరిగిపోయినదాని చోట కింద నుంచి కొత్త కణాలు వస్తాయి. అలా చకచకా పుట్టే కణాలనే కరెంటు ముందు చంపుతుంది. క్యాన్సర్ కణమా, బుగ్గ కణమా అని చూడదు. మొదటి వారంలో పైపొర ఇంకా పాతదే కాబట్టి ఏమీ తెలియదు. మూడో వారానికి పాతది అరిగిపోతుంది, కింద నుంచి కొత్తది రాదు. అప్పుడు ఎర్రబడి, తెల్లటి పొరలు కట్టి, పుండవుతుంది. అంటే పుండు కనిపించే రోజుకి దెబ్బ తగిలి రెండు వారాలు దాటింది.

తేనె మీద పేరున్న పరీక్ష మలేషియాలో జరిగింది. అక్కడి సైన్స్ యూనివర్సిటీ ఆస్పత్రిలో 40 మంది రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి తేయాకు పూల తేనె 20 మి.లీ. కరెంటుకి పావుగంట ముందు, మళ్ళీ పావుగంట తర్వాత, మళ్ళీ ఆరు గంటలు గడిచాక. నోరంతా తిప్పుకుని మెల్లగా మింగాలి. మొదటి సిట్టింగు నుంచే. 2003లో ఫలితం అచ్చయింది. తీవ్రమైన పుండ్లు, అంటే జావ తప్ప ఏదీ దిగని, లేదా అదీ దిగని స్థితి, తేనె తీసుకున్నవారిలో 20 శాతానికి వచ్చింది. తీసుకోనివారిలో 75 శాతానికి. బరువు తగ్గకుండా నిలబడ్డవారో పెరిగినవారో తేనె గుంపులో 55 శాతం, రెండో గుంపులో 25 శాతం. ఆ తర్వాత ఇరాన్‌లో, ఈజిప్టులో చేశారు. 2010లో మన పక్క రాష్ట్రంలో మంగుళూరు నుంచి వచ్చిన పరీక్షలో తేనెని తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్‌తో పోల్చి చూశారు. తేనె తీసుకున్న 20 మందిలో భరించలేని పుండ్లు ఒక్కరికే వచ్చాయి.

ఇక్కడితో ఆగి వాట్సాప్‌లో పంపేయొచ్చు. చాలామంది అదే చేస్తారు. నాకూ ఆ రాత్రి మా బంధువుల గ్రూపులో పెట్టాలనిపించింది. కానీ తర్వాతి పేజీ కూడా చదివాను.

2012లో ఇంగ్లండులోని మాంచెస్టర్ నుంచి ఒక పరీక్ష వచ్చింది. ఈసారి 131 మంది. ఒక గుంపుకి న్యూజీలాండ్ మనూకా తేనె, రెండో గుంపుకి గోల్డెన్ సిరప్ అనే చక్కెర పాకం. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. తేడా ఏమీ కనిపించలేదు. 2014లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి మరొకటి, మనూకాకీ ఉత్త జెల్‌కీ మధ్య. దాంట్లోనూ తేడా లేదు, పైగా రెండు గుంపుల్లోనూ మధ్యలో మానేసినవాళ్ళే సగానికి పైగా ఉన్నారు.

మరి ఎవరు చెప్పేది నిజం? క్లాసులో పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: ఎంత పెద్దది అని అడిగే ముందు దేనికంటే పెద్దది అని అడగండి. మలేషియాలో తేనె ఎవరితో పోటీ పడింది? తేనె లేని ఉత్త కరెంటు చికిత్సతో. మాంచెస్టర్‌లో ఎవరితో? చిక్కటి పాకంతో. ఎవరికి తేనె ఇచ్చారో మలేషియాలో అందరికీ తెలుసు. తేనె తీసుకున్న మనిషి ఉత్సాహంగా "బాగానే ఉంది డాక్టర్" అంటాడు, చూసే కన్ను కూడా పుండు తీవ్రతని ఒక మెట్టు తక్కువ వేస్తుంది. అది ఒక సంగతి. రెండోది, పాకం కూడా ఎంతో కొంత పనిచేసి ఉండొచ్చు. చిక్కగా నోటికి పూతలా పట్టుకుంటుంది, తీపి ఎక్కువ కాబట్టి సూక్ష్మజీవుల్లోంచి నీరు లాగేస్తుంది. తేనెకి మూడో గుణం ఒకటుంది. అందులో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, లాలాజలంతో పలచబడినప్పుడు అది కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుట్టిస్తుంది. మనూకాలో ఈ పని తక్కువ, అక్కడ బలమంతా మిథైల్‌గ్లైయాక్సాల్ అనే రసాయనానిది. గాయం మీద కట్టు కట్టడానికి మంచిదైనది ఒలిచిన నోటికి కూడా మంచిదే అవుతుందని ఏముంది? ఈ చివరి వాక్యం నా ఊహ, అలాగే తీసుకోండి.

ఈ గందరగోళం అంతా తూచి, క్యాన్సర్ చికిత్స ఇబ్బందుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం మాస్క్ (MASCC), నోటి క్యాన్సర్ వైద్యుల సంఘం ఐఎస్ఓఓ కలిసి 2020లో మార్గదర్శకాలు వేశాయి. తల, మెడ భాగాలకి కరెంటు పెట్టించుకునేవారికి పుండ్లు రాకుండా తేనె వాడొచ్చని అందులో ఉంది. ఆ మాటని వాళ్ళు ఎంత జాగ్రత్తగా రాశారో చూడండి. అది సిఫారసు కాదు, సూచన. సిఫారసు అంటే రుజువు బలంగా ఉన్నది, సూచన అంటే దానికంటే ఒక మెట్టు కింద. రెండోది, రాకుండా ఉండడానికి అన్నారు, వచ్చాక మానడానికి అనలేదు. చిన్న మోతాదు లేజర్ కాంతితో నోటికి చేసే చికిత్స మాత్రం అదే పత్రంలో పై మెట్టు మీద ఉంది. మన దగ్గర అది ఎన్ని చోట్ల దొరుకుతుందో మీకే తెలుసు.

కాబట్టి నా వాదన ఇది. తేనె చిట్కానా వైద్యమా అని ఇంట్లో మనం, ఓపీలో వాళ్ళు పడే గొడవ పనికిమాలినది. తేనెకి ఒక వేళ ఉంది. ఆ వేళకి ఇస్తే అది చవకైన, కొంత పనిచేసే అవకాశం ఉన్న వస్తువు. వేళ దాటాక ఇస్తే పచ్చి పుండు మీద పులుపు పోసినట్టే. పులుపు అనడం ఊరికే కాదు. తేనె నాలుకకి తియ్యగా ఉన్నా దాని పులుపుని కొలిచే పీహెచ్ అంకె నాలుగు దగ్గర, పుల్లటి పండ్ల రసాల వరసలో ఉంటుంది. పెద్దమ్మ నిప్పు అన్నది ఆ పులుపునే.

మేం అడిగిన జూనియర్ డాక్టరు మంచి కుర్రాడు. "తేనేగా, పూసుకోండి, నష్టం ఏముంది" అన్నాడు. మరో రోజు ఇంకొకాయన "ఇంటర్నెట్లో చదివినవన్నీ నమ్మకండి" అన్నాడు. ఈ రెండు మాటలూ ఒకటే. రెండింటిలోనూ ఆ సంగతి ఆలోచించాల్సిన పని తప్పిపోతుంది. నష్టం ఏముంది అంటే, నష్టం ఉంది. చెబుతాను.

రోజుకి మూడుసార్లు 20 మి.లీ. అంటే 60 మి.లీ. తేనె నీళ్ళకంటే బరువు, కాబట్టి 84 గ్రాములు. అందులో నూటికి 80 పాళ్ళు చక్కెరలే. రోజుకి సుమారు 67 గ్రాములు, అంటే పద్నాలుగు చెంచాల పంచదార. మా పక్క గదిలో తుని వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు, ఇన్సులిన్ వేసుకునే షుగర్ మనిషి. మా తమ్ముడి మాట విని ఆయన కొడుకు కూడా తేనె మొదలుపెట్టబోయాడు. నేనే ఆపి, ముందు డాక్టరుని అడగమన్నాను. అదే షుగర్ లేక, తిండి దిగక చిక్కిపోతున్నవాళ్ళకి ఆ 84 గ్రాములు రోజుకి 250 కేలరీలు. మలేషియా రోగుల బరువు నిలబడడంలో ఆ కేలరీల వాటా ఎంతో ఎవరు చూశారు?

పళ్ళది మరో గొడవ. కరెంటు తగిలిన లాలాజల గ్రంథులు ఎండిపోతాయి. లాలాజలం లేని నోట్లో తీపి, పులుపు కలిసి పళ్ళని ఎంత తొందరగా తినేస్తాయో చెప్పక్కర్లేదు. పైగా కరెంటు తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానక కుళ్ళే ప్రమాదం ఉంటుంది. అందుకే కరెంటుకి ముందే పళ్ళ డాక్టరుకి చూపించి, పీకాల్సినవి పీకించి, ఫ్లోరైడ్ ఏది ఎలా వాడాలో రాయించుకోవాలి. రాత్రి పడుకునే ముందు తేనె తాగి అలాగే నిద్రపోకూడదు. కీమో వల్ల తెల్లకణాలు పడిపోయి ఉంటే అడవి నుంచి నేరుగా వచ్చిన పచ్చి తేనె వద్దా కావాలా అన్నది కూడా డాక్టరుతో తేల్చుకోవాల్సిందే, ఎందుకంటే తేనెలో బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టొద్దనేది వాటి వల్లే. గాయాలకి వాడే వైద్యపు తేనెని గామా కిరణాలతో శుద్ధి చేస్తారని చదివి, పెద్దమ్మకి చెబితే ఆ నొప్పిలోనూ నవ్వింది. "దానికీ కరెంటేనా?"

నష్టాలన్నింటిలోకీ పెద్దది మాత్రం నేను పైన చెప్పిందే. తేనెని చూసుకుని నొప్పిని వాయిదా వేయడం. వచ్చేసిన పుండుకి కావలసినది నొప్పి మందు. నోట్లో తిప్పి ఉమ్మే బెంజిడమిన్, తినే ముందు పూసుకునే లిగ్నోకెయిన్ జెల్, చాలకపోతే ట్రమడాల్, అదీ చాలకపోతే మార్ఫిన్. కరెంటు, కీమో కలిసి నడిచేవారికి 0.2 శాతం మార్ఫిన్ ద్రావణంతో నోరు పుక్కిలించడాన్ని కూడా ఆ మార్గదర్శకాలు సూచించాయి. మార్ఫిన్ అనగానే మనవాళ్ళకి ఇక ఆఖరి రోజులు అనిపిస్తుంది. ముక్కులో గొట్టం వేస్తామన్నా అదే భయం. మార్ఫిన్ ఇవ్వకుండా ఆస్పత్రుల చేతులు కట్టేసిన మత్తుమందుల చట్టాన్ని కూడా 2014లో సడలించారు. ఇప్పుడు అడగడమే మిగిలింది. ఐదో రోజు దాకా ఆగకుండా మొదటి రోజే అడిగి ఉంటే పెద్దమ్మకి మూడు సిట్టింగులు పోయేవి కావని నేను ఇప్పటికీ అనుకుంటాను. అది తేనె తప్పు కాదు, నాది.

ఇక స్వచ్ఛత గొడవ. మా తమ్ముడు లాడ్జి గదిలో ఒక రాత్రంతా పరీక్షలు చేశాడు. గ్లాసు నీళ్ళలో చుక్క వేస్తే కరగకుండా అడుక్కి దిగింది, మంచిదే అన్నాడు. వత్తి ముంచి వెలిగిస్తే చిటపటలాడింది, అనుమానం అన్నాడు. కిటికీ గట్టు మీద చుక్క పెడితే పొద్దున్నకి చీమల బారు. మంచి తేనెకి చీమలు పట్టవట కదా అని సీసాని మూలన పెట్టేశాడు. తెల్లారేసరికి చీమలు పెద్దమ్మ మంచం దాకా వచ్చాయి, ఆ తిట్లు ఇక్కడ రాయలేను. ఈ పరీక్షలేవీ పనిచేయవు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో 13 బ్రాండ్ల తేనెకి ఎన్ఎమ్ఆర్ అనే, కల్తీని లోతుగా పట్టే పరీక్ష చేయిస్తే 10 బ్రాండ్లు తప్పాయని ప్రకటించింది. మామూలు లాబ్ పరీక్షలకి దొరక్కుండా ఉండేలా తయారైన చక్కెర పాకాలు కలుస్తున్నాయని వాళ్ళ ఆరోపణ, కంపెనీలు ఒప్పుకోలేదు. లాబ్‌నే ఏమార్చే పాకం గ్లాసు నీళ్ళకి దొరుకుతుందా? నమ్మకమైన చోట కొనండి, అంతకు మించి మనం చేయగలిగింది లేదు. పైగా మాంచెస్టర్ లెక్క ప్రకారం పాకం కూడా తేనెకి తీసిపోలేదు కదా అని నాలోని చిలిపి మనిషి అంటాడు.

ఇంతలో న్యూజెర్సీ నుంచి మా చెల్లెలు మనూకా సీసా పంపింది. పావుకిలో. ధర మన రూపాయల్లో వేలల్లో ఉంది. పాపం ప్రేమ. దూరంగా ఉన్నవాళ్ళు ఏం చేయగలరు, కొరియర్ చేయగలరు. పెద్దమ్మ ఒక చుక్క నాకి చూసి, "ఇది తేనేటి? కాసిన కషాయంలా ఉంది" అని మూత పెట్టించేసింది. 20 మి.లీ. చొప్పున అయితే ఆ సీసా మూడు రోజులు కూడా రాదు. 35 సిట్టింగులకి మూడు కిలోల తేనె పడుతుంది. శని, ఆదివారాలు కూడా ఇస్తే నాలుగు. అందుకే అంత ఖరీదైన తేనె గురించి ఆలోచించే ముందు ఒకసారి గుణించి చూసుకోండి.

ఆ తర్వాత ఏడాది హైదరాబాదులో నా స్నేహితుడి నాన్నగారికి బుగ్గ క్యాన్సర్ వచ్చింది. ఖైనీ. ఆపరేషన్ అయ్యాక 30 సిట్టింగులు రాశారు. ఈసారి మొదటి సిట్టింగుకి ముందే నా స్నేహితుడు నాకు ఫోన్ చేశాడు. పళ్ళ డాక్టరు, షుగర్ పరీక్ష, రేడియేషన్ డాక్టరు అనుమతి, అన్నీ అయ్యాక తేనె మొదలుపెట్టారు. కాగితం మీద సులువుగా కనిపించే "పావుగంట ముందు" అనే మాట నిజంగా ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మెషీన్ ఆగిపోతుంది, టోకెన్లు ముందూ వెనకా అవుతాయి, అత్యవసరం కేసు మధ్యలో వస్తుంది. వీడు దగ్గు సిరప్ సీసా కడిగి, అందులో తేనె పోసి, ఆ సిరప్ మూతనే కొలతగా పెట్టుకున్నాడు. మూతలో 10 మి.లీ. గీత ఉంటుంది, రెండు మూతలు. తేనె మూతకి అంటుకుని పూర్తిగా రాదు, వేలితో తుడిచి పెట్టాలి. వరండాలో బెంచీ మీద కూర్చుని, వాళ్ళ నాన్నకంటే ముందు ఇద్దరుండగా పేరు పిలిచినప్పుడు మూత విప్పేవాడు. "అంకుల్, మింగెయ్యకండి, బుగ్గల్లో తిప్పండి, మెల్లగా" అని ఒకరోజు నేనూ పక్కన కూర్చుని చెప్పాను. ఆయన చిన్నపిల్లాడిలా బుగ్గలు పూరించి, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునేవారు. మిగతా రోజంతా లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి పుక్కిలించడం. మెత్తటి బ్రష్షు. కారం బంద్.

నాలుగో వారం దాకా పాలల్లో నానబెట్టిన ఇడ్లీ తిన్నారు. ఐదో వారంలో ఆయనకీ పుండ్లు వచ్చాయి. వచ్చిన రోజే నొప్పి మందు పెంచారు. ఒక్క సిట్టింగు కూడా పోలేదు.

ఇది తేనె గొప్పతనమా? నాకు తెలియదు అనడం కూడా అబద్ధమే, ఒక మనిషిని చూసి తేల్చలేమని నాకు బాగా తెలుసు. ఆయనకి కీమో లేదు, మోతాదు తక్కువ, పళ్ళు ముందే చూపించుకున్నారు, కొడుకు గడియారం పట్టుకుని పక్కనే ఉన్నాడు. తేనె పేరు చెప్పి రోజుకి మూడుసార్లు ఒక మనిషి నోట్లోకి ఇంకో మనిషి తొంగిచూశాడు. ఎరుపు ఎక్కడ మొదలైందో, తెల్లటి పూత ఏ రోజు కనిపించిందో వాడి నోట్‌బుక్‌లో ఉంది. ఆ పూత ఫంగస్ అని డాక్టరు మందు రాసిచ్చింది కూడా ఆ తొంగిచూడడం వల్లే. ఆ వాటా ఎంతో, తేనె వాటా ఎంతో విడదీసే లెక్క నా దగ్గర లేదు. ఆ రెండూ కలిపి ఇవ్వడానికి అడ్డం ఏమిటన్నదే నా ప్రశ్న.

అడ్డం కాగితమే అనిపిస్తుంది. కరెంటు మొదలయ్యే ముందు మా చేత ఆరు చోట్ల సంతకాలు పెట్టించారు. మాస్కు ఎలా బిగిస్తారో చెప్పారు, మెడ మీద సబ్బు రాయొద్దన్నారు. రెండు వారాల తర్వాత నోరు ఇలా అవుతుందని, దానికి ఈ రోజు నుంచే ఇది చేయాలని ఒక్క తెలుగు కాగితం చేతిలో పెట్టలేదు. రోజుకి వందమందిని చూసే డాక్టరుకి ప్రతి ఒక్కరికీ విడమర్చి చెప్పే తీరిక ఉండదు, ఒప్పుకుంటాను. కాగితానికి తీరిక అక్కర్లేదు కదా. దేశంలో మగవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో నోటిదే మొదటి స్థానంలో ఉంది. పొగాకు పండించే జిల్లాలు మనవి, అడ్డపొగ ఊళ్ళు మనవి. పెద్ద అక్షరాల్లో ఒక పేజీ. పళ్ళ డాక్టరు, ఉప్పు-సోడా నీళ్ళు, షుగర్ లేనివాళ్ళకి డాక్టరు సరేనంటే తేనె ఎంత ఎప్పుడు, నొప్పి మొదలవగానే ఎవరిని అడగాలి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం మెనూ కూడా గోడ మీద రాసి ఉంటుంది.

పెద్దమ్మ మొత్తానికి 35 సిట్టింగులూ పూర్తి చేసింది, పది రోజులు ముక్కులో గొట్టంతో. ఆఖరి సిట్టింగు అయ్యాక నోరు మానడానికి ఐదు వారాలు పట్టింది. రుచి ఇంకా పూర్తిగా రాలేదు. పులుపు తెలుస్తుందట, ఉప్పు తెలియదట. చుట్ట మానేశానని చెబుతుంది, మేం నమ్ముతున్నట్టే ఉంటాం.

మనూకా సీసా మా ఇంట్లో అలమారులో ఇప్పటికీ ఉంది. పోయిన కార్తీకంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పంచామృతంలోకి తేనె తక్కువైతే మా ఆవిడ ఆ సీసా మూతే తీసింది. పంతులుగారు ఉద్ధరిణెతో పోసినప్పుడు పెద్దమ్మ భక్తిగా చెయ్యి చాచి తీసుకుంది, కళ్ళకద్దుకుంది, తల మీద రాసుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి, పక్కనున్న మనవడి నోట్లో పోసేసింది.